ముందు తలుపులు రెండు, స్పీకర్లు రెండు: ఒక మార్పిడి డైరీ

మే 10, శనివారం

మా ఇంట్లో ఉన్నది 2014లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. దాని ముందు తలుపుల స్పీకర్లు పాడవడం ఇది రెండోసారి. కంపెనీ నుంచి వచ్చినవి పోయినప్పుడు, నాలుగేళ్ల క్రితం, నగరంలోని ఒక కార్ డెకార్ దుకాణంలో కొత్త స్టీరియోతో పాటు స్పీకర్లు కూడా పెట్టించాను. వాళ్లు గంటలో పని ముగించి తాళాలు చేతికిచ్చారు. ఆ గంటలో ఏం చేశారో ఈ నాలుగేళ్లుగా వింటూనే ఉన్నాను గానీ, తలుపు విప్పి చూసే ఓపిక ఇప్పటికి గానీ కలగలేదు.

లక్షణాలు ముందే రాసి పెట్టుకున్నాను. ఎడమ స్పీకర్ కొంచెం శబ్దం పెంచితే చాలు, చిరిగిన డప్పులాగా బర్రుమంటుంది. రెండు స్పీకర్లూ కలిసి మోగుతున్నప్పుడు బేస్ దాదాపు వినిపించదు, కానీ బ్యాలెన్స్‌ను పూర్తిగా కుడివైపుకు తిప్పితే ఒక్క స్పీకర్‌లోనే అంతకంటే ఎక్కువ బేస్ వస్తుంది. మూడవది అన్నిటికంటే వింతైనది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా స్టీరియో ఒక్క క్షణం మూగబోయి మళ్లీ మొదలవుతుంది. దుకాణానికి రెండుసార్లు తీసుకువెళ్తే, రెండుసార్లూ స్పీకర్లు మార్చాలన్న జవాబే వచ్చింది.

రెండో లక్షణం చాలావరకు తన కథ తానే చెబుతోంది. ఒక స్పీకర్ కోన్, అంటే శబ్దం పుట్టించే గరాటు లాంటి కాగితం, ముందుకు కదిలే క్షణంలో రెండోది వెనక్కు కదిలితే, ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేసుకుంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. కారు లోపలి వెడల్పు అందులో సగం కూడా ఉండదు కాబట్టి, ఆ తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోక తప్పదు. అంటే ఎక్కడో ప్లస్ మైనస్‌లు తారుమారయ్యాయి.

మేలో హైదరాబాద్‌లోని మా అత్తాపూర్‌లో ఎనిమిది దాటితే కారు రేకు మీద చెయ్యి పెట్టలేము కనుక, పొద్దున్న ఆరున్నరకే పని మొదలుపెట్టాము. మేము అంటే నేనూ, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడూ. మొదట పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీసేశాను. తరువాత తలుపు లోపలివైపును కప్పే డోర్ ప్యాడ్ విప్పాము. అద్దం పక్కనున్న త్రికోణపు ప్లాస్టిక్ ముక్క, లోపలి హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, చెయ్యి పెట్టి లాగే గుంతలో మూత కింద దాగిన మరో స్క్రూ తీశాక, మిగతాదంతా క్లిప్పుల మీదే నిలబడి ఉంటుంది. స్టీలు స్కేలుకు గుడ్డ చుట్టి, కింది అంచు నుంచి ఒక్కో క్లిప్పు పక్కనే పెట్టి లేపాలి. క్లిప్పుకు దూరంగా పెట్టి లాగితే ప్యాడ్ అట్ట విరుగుతుంది గానీ క్లిప్పు ఊడదు. పదకొండేళ్లు ఎండకు కాగిన ప్లాస్టిక్ కావడంతో రెండు క్లిప్పులు విరిగాయి, అవి రాణిగంజ్‌లో దొరుకుతాయి.

ప్యాడ్ వెనక కనిపించినది చూసి కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తలుపు లోపలి రేకు మీద కంపెనీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ షీటును బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ ముక్కను తలుపు లోపలికి తోసేశారు. స్పీకర్ నాలుగు స్క్రూలలో మూడే ఉన్నాయి. కోన్ కింది సగం మీద టీ మరకలాంటి నీటి చార ఉంది, అంచు రబ్బరు ఒకవైపు కాగితం నుంచి ఊడిపోయింది. కంపెనీ ప్లగ్గును కత్తిరించేసి, వైర్లను చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. ఆ టేపు జిగురు ఎండకు కారి, టేపు చుట్ట మొత్తం వైరు వెంబడి జారిపోయింది. బయటపడిన రాగి తీగ కొస పచ్చబారి ఉంది, దాని ఎదురుగా తలుపు రేకు మీద రంగు పోయి గోరంత మేర మెరుస్తోంది. కారు కుదిపినప్పుడల్లా ఆ తీగ ఆ చోటనే తగులుతోందన్నమాట. స్పీడ్ బ్రేకర్ రహస్యం అదే. కార్ స్టీరియోలలో స్పీకర్ మైనస్ వైరు బాడీ ఎర్త్ కాదు, రెండు వైర్లనూ ఆంప్లిఫయరే నడిపిస్తుంది. అందులో ఏది రేకుకు తగిలినా షార్ట్ సర్క్యూటే. పాపం ఆ స్టీరియో తనను తాను కాపాడుకోవడానికి ఆగి, మళ్లీ మొదలవుతూ వచ్చింది.

స్పీకర్ల టెర్మినళ్ల మధ్య మల్టీమీటరు పెడితే ఎడమది 3.4 ఓంలు, కుడిది 3.5 ఓంలు చూపించాయి. 4 ఓంల స్పీకర్‌కు అంతే రావాలి, ఎందుకంటే పెట్టె మీద రాసేది ఏసీ ఇంపీడెన్స్, అంటే పాటలాగా మారుతూ ఉండే కరెంటుకు ఎదురయ్యే నిరోధం, మీటరు చూపేది తీగ డీసీ నిరోధం. అంటే ఎడమ స్పీకర్‌లోనూ కోన్‌ను కదిలించే కాయిల్ కాలలేదు, నీళ్లకు నానిన కాగితమే చచ్చిపోయింది.

చివరగా పోలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో, చూశాము. స్టీరియో వెనక ప్లగ్గును పూర్తిగా పీకి, ఆ ప్లగ్గులోని ఒక్కో స్పీకర్ జత మీద 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును తాకించాను. మేనల్లుడు తలుపు దగ్గర కూర్చుని కోన్ వైపు చూశాడు. సెల్లు ప్లస్ వైరు ప్లస్‌కు తగిలితే కోన్ బయటికి రావాలి.

"కుడిది బయటికొచ్చింది మామా... ఎడమది లోపలికి పోతున్నది, ఉల్టా ఇచ్చిన్రు."

ఈ పరీక్షను స్టీరియో ప్లగ్గు తీయకుండా చేయరాదు, సెల్లు కరెంటు ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌లోకి వెళుతుంది. సెల్లును అరక్షణం మించి పట్టుకోనూ కూడదు.

మే 11, ఆదివారం

ఈ రోజంతా కొలతలే. కొత్త స్పీకర్ కొనడానికి ముందే తలుపు లోపల ఎంత చోటు ఉందో తెలియాలి. అద్దం పూర్తిగా కిందికి దించినప్పుడు లోపలి రేకు నుంచి అద్దం వరకు 52 మి.మీ. ఉంది. అద్దం పైకి ఉన్నప్పుడు కొలిస్తే 80 దాటింది. ఆ కొలతను నమ్మి స్పీకర్ కొన్నవాడికి, టోల్ గేటు దగ్గర అద్దం దించిన రోజున తలుపులోంచి టక్కుమని వినిపిస్తుంది.

రేకు నుంచి ప్యాడ్ జాలీ వరకు ఉన్న చోటు కొలవడం మరింత చిక్కైన పని, ఎందుకంటే ప్యాడ్ మూసిన తరువాత లోపలికి స్కేలు పోదు. మా ఆవిడ చపాతీలకు తడిపిన పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద అడిగి తీసుకుని, పాలిథిన్ కవరులో చుట్టి స్పీకర్ రంధ్రం అంచున అంటించి, ప్యాడ్‌ను క్లిప్పులు పడేదాకా నొక్కి మళ్లీ తీశాము. నలిగిన ముద్ద మందం 32 మి.మీ. వచ్చింది. ఆ ముద్దను తిరిగి వంటింట్లోకి తీసుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

నేను చూసి పెట్టుకున్న 165 మి.మీ. స్పీకర్ లోతు 60 మి.మీ. అంటే రేకుకు నేరుగా బిగిస్తే అయస్కాంతం అద్దానికి 8 మి.మీ. అడ్డుపడుతుంది. 15 మి.మీ. రింగు ఒకటి మధ్యలో పెడితే రేకు లోపలికి వెళ్లేది 45 మి.మీ. మాత్రమే, అద్దానికి 7 మి.మీ. ఎడం మిగులుతుంది. ముందువైపు రింగు 15, స్పీకర్ అంచు 5 కలిపి 20 పోతే, జాలీ వరకు 12 మి.మీ. ఉంటుంది. కోన్ కదలడానికి అది చాలు. పాత దుకాణంవాళ్లు పెట్టిన స్పీకర్ తక్కువ లోతుది కాబట్టి ఈ లెక్క అక్కర లేకుండానే బయటపడ్డారు.

మే 14, బుధవారం

ఆఫీసు నుంచి నేరుగా కోఠీ వెళ్లాను. గుజరాతీ గల్లీలో సాయంత్రం పూట నడవడమే ఒక విద్య. అయినా కెపాసిటర్ నుంచి క్రింపింగ్ లగ్గు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క) వరకు ఒక్క వీధిలో దొరికే చోటు నగరంలో నాకు తెలిసి అదే.

స్పీకర్ ఎంపిక గురించి కొంత వివరంగా రాసుకోవాలి. నా స్టీరియో మీద నాలుగు చానళ్లకు తలా 50 వాట్లు అని ముద్రించి ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14.4 వోల్టులు. దాన్ని దానితోనే గుణించి 4 ఓంలతో భాగిస్తే సుమారు 52 వస్తుంది, ఆ 50 పుట్టింది అక్కడే. అది శబ్దపు అల అంచులు తెగిపోయేంతగా స్టీరియోను పూర్తిగా పెంచి, అలను నలుచదరం చేసినప్పటి లెక్క. శుభ్రమైన సైన్ అలకు అందులో సగమే, లోపలి ట్రాన్సిస్టర్ల నష్టం తీసేస్తే దాదాపు 20 వాట్లు మిగులుతాయి. అందుచేత 300 వాట్లు తట్టుకుంటుందని పెట్టె మీద ఎర్ర అక్షరాలతో రాసిన స్పీకర్ వల్ల నాకు ఒరిగేదేమీ లేదు. నాకు కావలసినది ఉన్న 20 వాట్లతోనే గట్టిగా పలికేది, అంటే సెన్సిటివిటీ ఎక్కువ ఉన్నది. మూడు డెసిబెల్‌ల తేడా ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినదానితో సమానం. అయితే ఆ అంకె పక్కన 1 వాటుకు అని రాశారా, 2.83 వోల్టులకు అని రాశారా అన్నది చూడాలి. 4 ఓంల స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇస్తే అది 2 వాట్లవుతుంది కాబట్టి, కాగితం మీద మూడు డెసిబెల్‌లు ఊరికే కలిసి వస్తాయి.

పైస్వరాలు పలికే చిన్న ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండే కోయాక్సియలా, అది విడిగా వచ్చే కంపోనెంటా అన్న సందేహం కూడా ఇక్కడే తీరింది. మా కారులో అద్దం పక్కనున్న త్రికోణంలో కంపెనీ ట్వీటర్లు ఇంకా ఉన్నాయి. తలుపు స్పీకర్ వైరు నుంచే వాటికి ప్యారలల్‌గా కనెక్షన్ వెళుతుంది. దుకాణంవాళ్లు తలుపులో పెట్టింది కోయాక్సియల్ కాబట్టి దాని మధ్యలోనూ ఒక ట్వీటర్ ఉంది. ఒక్కో వైపు రెండేసి ట్వీటర్లు కావడంతో తీక్షణ స్వరాల దగ్గర ఇంపీడెన్స్ పడిపోవడమే కాక, మాటల్లోని సకారాలన్నీ సూదుల్లాగా చెవిలో గుచ్చుకునేవి. నేను ఇన్నాళ్లూ ఆ బాధ పాటల రికార్డింగుదనుకున్నాను.

అందుకే కంపోనెంట్ జత తీసుకున్నాను. దాని ట్వీటర్ వైరులోనే చిన్న కెపాసిటర్ ఒకటి వస్తుంది. 4 ఓంల ట్వీటర్‌కు 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ సిరీస్‌లో ఉంటే, సుమారు 4,000 హెర్ట్జ్‌కు కింద ఉన్న స్వరాలను అది మెల్లగా తగ్గిస్తూ పోతుంది. తలుపులో పెట్టే పెద్ద స్పీకర్‌కు, అంటే ఊఫర్‌కు, విడిగా ఫిల్టర్ లేదు. దాని కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పైస్వరాల దగ్గర ఇంపీడెన్స్ తనంతట తానే పెరుగుతుంది కాబట్టి, రెండూ ప్యారలల్‌గా ఉన్నా స్టీరియో మీద 2 ఓంల భారం పడదు. ఆ కెపాసిటర్ మీద ప్లాస్టిక్ స్లీవు ఉండి, పైకి వైరు మధ్యలో ముడిలాగా కనిపిస్తుంది. అది అదనపు పొడవేమోనని కత్తిరించి పారేస్తే మాత్రం ట్వీటర్ మొదటి పాటకే కాలిపోతుంది.

వైరు కొనమని దుకాణంలో గట్టిగా పట్టుపట్టారు. "అన్నా, గింత మంచి స్పీకర్ తీస్కొని పాత వైరు పెడ్తవా" అన్నాడు కుర్రవాడు. అతను చూపిన లావుపాటి పారదర్శక వైరు కొసను బ్లేడుతో గీరి చూస్తే, రాగి పూత కింద అల్యూమినియం తెల్లగా మెరిసింది. నేను ఇంట్లో లెక్క వేసుకునే వచ్చాను. కంపెనీ వైరు 0.5 చదరపు మి.మీ. అనుకున్నా, పోనూ రానూ 6 మీటర్లకు నిరోధం 0.2 ఓంల చుట్టుపక్కల ఉంటుంది. 4 ఓంల స్పీకర్‌కు దాని వల్ల తగ్గేది అర డెసిబెల్ కూడా కాదు. తలుపుకు, బాడీకి మధ్యనున్న రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు దూర్చే శ్రమకు అది తగిన కారణం కాదు. 20 వాట్లకు పాత రాగి వైరే చాలు, చెడింది అతుకులే. పెద్ద ఆంప్లిఫయర్ పెట్టేవారి లెక్క వేరు. వైరుకు బదులు 4.8 మి.మీ., 2.8 మి.మీ. లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవు, బ్యూటైల్ టేపు, ఫోమ్ టేపు కొన్నాను.

మే 17, శనివారం

రింగులకు ఎండీఎఫ్ చెక్క వాడమని చాలామంది చెబుతారు. వానాకాలంలో నీళ్లు కారే తలుపులో ఎండీఎఫ్ నానబెట్టిన బిస్కెట్టు అవుతుంది. మందంగా వార్నిష్ పట్టించినా స్క్రూ రంధ్రాల దగ్గర నుంచి తడి ఎక్కుతుంది. నేను 15 మి.మీ. మందమున్న పాలిథిన్ పలక, అంటే కూరగాయలు కోసే తెల్ల బోర్డు రకానిది, రాణిగంజ్‌లోని ప్లాస్టిక్ షీట్ల దుకాణంలో తీసుకున్నాను. లోపలి వ్యాసం 143 మి.మీ., బయటి వ్యాసం 178 మి.మీ. ఉండేలా గీసి జిగ్‌సాతో కోశాము. వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి రంపపు పళ్ల వెనకే మళ్లీ అతుక్కుపోతుంది. మొదటి రింగు అలాగే పాడయింది. రెండోది వేగం బాగా తగ్గించి, మధ్య మధ్య ఆపుతూ కోస్తే సాఫీగా వచ్చింది. పాలిథిన్‌కు ఏ గమ్మూ సరిగ్గా పట్టదు కాబట్టి రింగును బోల్టులు, వాషర్లతోనే రేకుకు బిగించి, మధ్యలో ఫోమ్ టేపు పెట్టాను.

రేకుకు కొత్తగా నాలుగు రంధ్రాలు వేయవలసి వచ్చింది. వేసేటప్పుడు కొత్త స్పీకర్ పెట్టెను దూరంగా, ఇంట్లోనే ఉంచాము, ఇనుప రజను ఒక్కసారి అయస్కాంతం సందులోకి చేరితే ఇక రాదు. రాలిన రజనును తడిగుడ్డతో తుడిచి, రంధ్రాల అంచులకు రెడాక్సైడ్ పూశాను.

తరువాత రోజులో ఎక్కువ భాగం నీటి గురించే గడిచింది. కారు తలుపు నీళ్లు చొరని పెట్టె అని నేనూ అనుకునేవాడిని. వాన నీరు అద్దం పక్క రబ్బరు దాటి లోపలికి రావడం మామూలే. అది బయటి రేకు వెంట కిందికి దిగి, అడుగున ఉన్న రంధ్రాల గుండా పోవాలన్నదే దాని ఏర్పాటు. లోపలి రేకు మీద అంటించే ప్లాస్టిక్ షీటు ఆ నీటిని ప్యాడ్ వైపు రానివ్వకుండా మళ్లీ తలుపులోకే మళ్లిస్తుంది. షీటును కోసి తోసేసిన చోట నీళ్లు నేరుగా స్పీకర్ కోన్ మీద పడ్డాయి.

లీటరు సీసాతో అద్దం అంచున నీళ్లు పోసి, తలుపు కింద పళ్లెం పెట్టి చూశాము. కుడి తలుపు నుంచి వెంటనే ధార కట్టింది. ఎడమ తలుపు నుంచి నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి, లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. చీపురు పుల్ల పెట్టి కెలికితే రంధ్రంలోంచి మొదట ఎర్రమట్టి, దాని వెనక వేపాకులు, చివరికి నల్లటి నీళ్లు వచ్చాయి. మా వీధిలో కారు నిలిపేది వేపచెట్టు కిందే.

రేకు మోగకుండా అంటించే డ్యాంపింగ్ షీటు వేయడం వల్ల శబ్దంలో వచ్చే మార్పు నిజమే గానీ, తలుపు అంతటా పరచనక్కర లేదు. స్పీకర్ వెనక ఎదురుగా ఉన్న బయటి రేకు మీద, వేళ్లతో తడితే డబ్బాలాగా మోగే చోట, మూడోవంతు మేర 2 మి.మీ. బ్యూటైల్ షీటు వేసి రోలరుతో నొక్కాను. అంతకు ముందు రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మూడుసార్లు తుడిస్తే గానీ గుడ్డకు మురికి అంటడం ఆగలేదు. తారు షీట్లు సగం ధరకు దొరుకుతాయి. మన మే నెల ఎండకు అవి మెత్తబడి, వాసన కొట్టి, జారి కింది రంధ్రాలను మూసేసే ప్రమాదం ఉంది కనుక వాటి జోలికి పోలేదు.

మే 18, ఆదివారం

కుడి తలుపుతో మొదలుపెట్టాను. ఈ వైపు పోలారిటీ సరైనదని తెలుసు కాబట్టి, దాన్ని నమూనాగా పెట్టుకుంటే ఎడమవైపు తప్పు పోదు. బజారు స్టీరియోల హార్నెస్‌లో, అంటే వైర్ల కట్టలో, తెలుపు జత ముందు ఎడమకు, బూడిద రంగు జత ముందు కుడికి, ఆకుపచ్చ వెనక ఎడమకు, ఊదా వెనక కుడికి వస్తాయి, ప్రతి జతలోనూ నల్లచార ఉన్నది మైనస్. ఈ రంగులు స్టీరియో దాకానే. అక్కడి నుంచి తలుపు వరకు కంపెనీ సొంత రంగులు ఉంటాయి. మా దుకాణంవాళ్లు తప్పు చేసింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే, తెలుపును కంపెనీ మైనస్ వైరుకు, నల్లచార ఉన్నదాన్ని కంపెనీ ప్లస్ వైరుకు కలిపారు. నేను తలుపు దగ్గర సరిదిద్దకుండా స్టీరియో వెనకనే విప్పి సరిచేశాను. ఒక తప్పును మరో తప్పుతో సరిచేసి పెడితే, రేపు ఇంకొకరు ఆ తలుపు విప్పినప్పుడు రంగులు చూసి మోసపోతారు.

పచ్చబారిన రాగి మేర కత్తిరించి, మెరిసే తీగ వచ్చాక లగ్గు వేసి క్రింప్ చేశాను. సోల్డర్ చేయవచ్చు కదా అని మేనల్లుడు అడిగాడు. టేబుల్ మీద ఉండే పరికరానికైతే సోల్డరే మేలు. రోజుకు పదిసార్లు ధబ్బుమని వేసే తలుపులో, సీసం తీగల మధ్యకు పాకి గట్టిపడిన చోటు దాటగానే తీగ విరిగే అవకాశం ఎక్కువ. క్రింప్ చేసిన తరువాత వైరును పట్టుకుని గట్టిగా లాగి చూశాను. ఒకటి ఊడి చేతికి వచ్చింది, లగ్గు పెద్దదై తీగ వదులుగా ఉండటమే కారణం. తీగను రెండుగా మడిచి మళ్లీ వేస్తే నిలిచింది. స్పీకర్ మీద వెడల్పాటి 4.8 మి.మీ. టెర్మినల్ ప్లస్, సన్నటి 2.8 మి.మీ.ది మైనస్ కాబట్టి, లగ్గులు సరైన కొలతలవి వేసుకుంటే తరువాత పొరపాటున తారుమారు చేయాలన్నా కుదరదు. వైరు చివర ప్లగ్గు దగ్గర కొంచెం కిందికి వేలాడేలా వదిలాను, వైరు వెంట జారిన నీటిచుక్క టెర్మినల్ వైపు ఎక్కకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ట్వీటర్ వైపు కంపెనీ ప్లగ్గు చెక్కుచెదరకుండా ఉంది. పాత ట్వీటర్‌ను దాని వెనక అతికిన కెపాసిటర్‌తో సహా తీసేసి, ఆ ప్లగ్గుకు కొత్తదాన్ని కలిపాను. పెన్సిల్ సెల్లు పరీక్ష ట్వీటర్‌కు పనికిరాదు, కెపాసిటర్ అడ్డుగా ఉండటంతో టిక్కుమన్న చప్పుడు తప్ప కదలిక కంటికి కనిపించదు.

బ్యాటరీ కలిపి, స్పీకర్లు బిగించక ముందు ఒక కొలత తీసుకున్నాను. స్టీరియో వేసి, శబ్దం సున్నాలో ఉంచి, ఎడమ స్పీకర్ ప్లస్ వైరుకు, తలుపు రేకుకు మధ్య మీటరు పెడితే 6.1 వోల్టులు వచ్చింది. మైనస్ వైరుకు, రేకుకు మధ్య కూడా అదే 6.1. రెండు వైర్ల మధ్య మాత్రం దాదాపు సున్నా. మైనస్ అంటే ఎర్త్ అనుకుని దాన్ని బాడీకి కలిపేవారికి ఈ ఒక్క కొలత చూపిస్తే చాలు. మేనల్లుడు తన ఫోనులో ఆ మీటరు ఫొటో తీసుకున్నాడు.

స్పీకర్‌ను రింగుకు బిగించేటప్పుడు స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పాను, ఒకే వైపు గట్టిగా బిగిస్తే అంచు వంగి కాయిల్ ఒరుసుకుంటుంది. స్పీకర్ ముఖం చుట్టూ మరో ఫోమ్ వలయం అంటించాను. అది ప్యాడ్ జాలీ వెనక ఆనుకుని, ముందుకు రావలసిన శబ్దం ప్యాడ్ వెనక ఖాళీలోకి పోకుండా ఆపుతుంది. పాత షీటు ఇక పనికిరాదు కాబట్టి మందపాటి పాలిథిన్‌తో కొత్తది కత్తిరించి, బ్యూటైల్ టేపుతో చుట్టూ అంటించాను. స్పీకర్ పైభాగాన కోన్ వెనకవైపు, గొడుగు అంచులా ఒక రబ్బరు రేకు నిలబెట్టాను. దాని కింద చోటంతా తెరిచే ఉంచాను, మొత్తం మూసేస్తే స్పీకర్ వెనక గాలికి కదలడానికి చోటుండదు.

ఎండ ఎక్కే వేళకు ఎడమ తలుపు కూడా అయింది. అద్దాలు రెండూ పూర్తిగా దించి ఎత్తాను, ఎక్కడా తగలలేదు.

మే 24, శనివారం

వారం రోజులు మామూలుగా వాడి, ఈ రోజు సావకాశంగా విన్నాను. 102.8లో వివిధ భారతి పెట్టి, బ్యాలెన్స్ మధ్యలో ఉంచాను. వ్యాఖ్యాత గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి, ఒక మనిషి అక్కడ కూర్చుని మాట్లాడినట్టు వస్తోంది. పోలారిటీ తప్పుగా ఉన్న రోజుల్లో అదే గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేది కాదు. ఎఫ్‌ఎంలో 15,000 హెర్ట్జ్ దాటి ఏమీ ప్రసారం కాదు కాబట్టి ట్వీటర్‌ను అంచనా వేయడానికి ఫోనులోని పాటలు వాడాను. ట్వీటర్ పోలారిటీని ఒకసారి తిప్పి కూడా చూశాను. ఊఫర్, ట్వీటర్ కలిసే స్వరాల దగ్గర ఏది సరైనదో కాగితం మీద తేల్చడం కష్టం. మా కారులో మామూలుగా కలిపినదే గొంతును నిండుగా వినిపించింది, అలాగే ఉంచేశాను.

ఫోనులోని టోన్ జనరేటర్‌తో 40 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ పోతే, 85 దగ్గర ఎడమ తలుపు గిలకలాగా గలగలమంది. మేనల్లుడు ప్యాడ్ అంతటా అరచేయి ఆనించి వెతికాడు. స్పీకర్‌కు సంబంధమే లేదు, తాళం నుంచి హ్యాండిల్‌కు వెళ్లే ఇనుప కడ్డీ రేకుకు తగులుతోంది. మళ్లీ ప్యాడ్ విప్పి కడ్డీకి గుడ్డ టేపు చుట్టాము. ఇందులో ఇంకో క్లిప్పు విరిగింది.

స్టీరియో మెనూలో హై పాస్‌ను, అంటే కింది స్వరాలను ఆపే ఫిల్టర్‌ను, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. తలుపులో ఉండే ఈ సైజు స్పీకర్‌ను అంతకు కింది స్వరాల కోసం కష్టపెడితే బేస్ రాదు సరికదా, కోన్ అనవసరంగా ఊగి మిగతా స్వరాలన్నీ మసకబారతాయి. శబ్దం ఇష్టపడే మా మేనల్లుడికి ఇది నచ్చలేదు. సబ్‌ఊఫర్ కొనమన్నాడు. డిక్కీలో గ్యాస్ సిలిండర్ తెచ్చుకోవడానికి చోటు కావాలని నేను అన్నాను.

సాయంత్రం మెహిదీపట్నం దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ దాకా, ఆ 11.6 కిలోమీటర్లూ ఒకే వేగంతో వెళ్లాము. సిగ్నళ్లు లేవు కాబట్టి వినడానికి అంతకంటే మంచి రోడ్డు మా వైపు లేదు. టైర్ల హోరు మీద కూడా వేణువు ఊదేవాడి ఊపిరి వినిపించింది. దిగిన తరువాత, వచ్చేదారిలో స్పీడ్ బ్రేకర్లను కావాలనే కొంచెం గట్టిగా ఎక్కించాను. పాట ఎక్కడా ఆగలేదు.

జూన్ 8, ఆదివారం

రాత్రి రెండు గంటలపాటు గట్టి వాన పడింది, కారు బయటే ఉంది. పొద్దున్నే ఎడమ డోర్ ప్యాడ్ ఒక్కటీ విప్పాను. పాలిథిన్ షీటు తలుపు వైపు ముఖాన నీటి చారలు కిందిదాకా ఉన్నాయి, ప్యాడ్ వైపు వేలితో రాస్తే పొడిగా ఉంది. రబ్బరు గొడుగు అంచున ఇంకా మూడు చుక్కలు వేలాడుతున్నాయి, దాని కింద స్పీకర్ అయస్కాంతం మీద దుమ్ము కూడా తడవలేదు. వైరు వంపు దగ్గర ఒక చుక్క ఉంది. అడుగు రంధ్రాల కింద నేల తడిసి, అక్కడ మళ్లీ రెండు వేపాకులు పడి ఉన్నాయి.

ప్యాడ్ తిరిగి మూసేటప్పుడు చూస్తే ఒక క్లిప్పు తక్కువైంది. ఈసారి రాణిగంజ్ వెళ్లినప్పుడు డజను తేవాలి, వెనక తలుపులు ఇంకా ఆ దుకాణంవాళ్ల టేపుతోనే ఉన్నాయి.